సునంద అక్క వంతు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలవాటైపోయి మామూలప్పుడు బరువు తెలియదు. ఎవరైనా నన్ను మంచిపిల్ల అన్నప్పుడు తెలుస్తుంది. రోజూ డైరీ రాసుకునేదాన్ని. అందులో కూడా ఆ రోజుల పేజీలు ఖాళీగా వదిలేశాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను సౌదీలో, తాయిఫ్‌లో నర్సును. మా వార్డులో తెలుగువాళ్లం నలుగురం, ఉండేది ఒకే ఫ్లాట్‌లో. సెలవు వంతుల మీద వస్తుంది. ఒకరు వెళ్లి వస్తేనే ఇంకొకరు. వంతు వస్తే ఇంటికే వెళ్లాలి. ఇంకెక్కడికో వెళ్లాలనుందని ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేదు. కోరిక మాత్రం ఉంది. జార్జియాలో మంచుకొండల కింద ద్రాక్షతోటల ఊళ్లున్నాయని చదివాను. వీపున సంచి వేసుకుని, ఒక్కదాన్నే, ద్రాక్షకోత రోజుల్లో ఊరి నుంచి ఊరికి నడవాలి. నా వంతు చలికాలంలో. అప్పటికి తోటల్లో ఆకు కూడా మిగలదు.

అందుకని అమ్మకు గుండెజబ్బు తెప్పించాను.

అప్పుడు వంతు మా ఫ్లాట్‌లోని సునంద అక్కది. నేను ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడవకే పిచ్చిమొహమా. నా వంతులో నువ్వెళ్లు, నీ వంతులో నేను పోతాలే."

"మరి మీ నాన్న?"

"ఆయన రెండేళ్ల నుంచీ మంచంలోనేగా. కూతురు నర్సని గొప్పలు చెప్పుకుంటా అందర్నీ సతాయిస్తన్నాడంట. చలికాలం దాకా ఎక్కడికీ పోడులే."

"వద్దక్కా."

"నోర్ముయ్. వచ్చేప్పుడు పూతరేకులు తేకపోయావో, గుమ్మం ఎక్కనివ్వను."

ఆ 'వద్దు' నటన కాదు. కానీ ఒక్కసారే అన్నాను. రెండోసారి అంటే ఆమె ఆగిపోయేదేమో. ఎందుకు అనలేదు? అనాలనిపించలేదు. అంతే.

ఇంటికని చెప్పి జార్జియా వెళ్లాను. అక్కడి రోజులకు మాత్రం నన్ను సంజాయిషీ అడగకండి. మట్టిలో పాతిన పెద్ద బానల్లో అక్కడ ద్రాక్షరసం పులుస్తుంది. నేను దిగిన ఇంటి ముసలావిడ బానలోంచి తోడి ఇచ్చింది. మా చర్చిలో ప్రభు సంస్కారానికి ఇచ్చేది ద్రాక్షపళ్లు ఉడికించిన తియ్యటి నీళ్లు. ఇది తేనెరంగు, ఉసిరికాయ వగరు. రెండో గ్లాసు నేనే అడిగాను. ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం నాకు బహుశా అదే మొదలు. ఎదురుగా మంచుకొండలు. అప్పుడే ఫోన్‌లో అక్క మెసేజ్: అమ్మ కోసం ముగ్గురూ ఉపవాస ప్రార్థనలో ఉన్నారట. చదివాను. గ్లాసు కింద పెట్టలేదు.

ఎవరో చావుబతుకుల్లో ఉంటే తప్ప ఒక ఆడపిల్ల గడప దాటి కొండలు చూడటానికి వెళ్లకూడదా? ఈ ప్రశ్నను ఇవాళ కూడా వెనక్కి తీసుకోను.

తిరిగొచ్చాను. పూతరేకులేవని అక్క అడగలేదు. నా మడమల మీద బొబ్బలు చూసి, "ఆస్పత్రి మెట్లెక్కి దిగి ఎంత అవస్థపడ్డావే," అని మందు రాసింది. మా శుక్రవారం కూటంలో ప్రార్థన ఫలించినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పాను. అమ్మ లేచి కూర్చుందన్నాను. స్తోత్రం అన్నారు అందరూ. నలుగురిలో మాట పెగలని నేను ఆ రోజు ఒక్కచోట కూడా తడబడలేదు.

చలికాలం రాకముందే అక్క వాళ్ల నాన్న పోయాడు. దేశం దాటి వెళ్లిరావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతికొచ్చేలోపే అక్కడ భూస్థాపన. డ్యూటీ బట్టల్లోనే ఫోన్‌లో చూసింది. ఫోన్ పట్టుకున్నది నేను. పెట్టె మీద మట్టి వేస్తున్నప్పుడు నావైపు తిరిగింది.

"నా వంతు వృథా పోలేదే. మీ అమ్మన్నా దక్కింది."

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు.

ఇప్పుడు చెబితే ఆమెకున్న ఆ కాస్త ఓదార్పూ లాక్కున్నట్టేనని నాకు నేను చెప్పుకుంటాను. ఈ వాదన నాకెంత అనుకూలమో కూడా తెలుసు. అక్క ఇప్పటికీ నా పక్క మంచమే. శుక్రవారం ప్రార్థనలో మా అమ్మ పేరు మర్చిపోదు.

కొండలకు వెళ్లినందుకు సిగ్గుపడను. మళ్లీ వెళ్తాను, నా వంతులో, వెళ్తున్నానని చెప్పి. కానీ ఒక మనిషికి తండ్రితో మిగిలిన ఆఖరి రోజులను నేను వాడుకున్నాను. పొరపాటున కాదు, తెలిసే. మీరు క్షమించనక్కర్లేదు, నేను అడగడం లేదు.

మా అమ్మకు ఆ ఏడు జలుబైనా చేయలేదు. చెప్పేశాను.