మలాయి కథలో నా చకారాలు

ఈ నాలుగు ముక్కలూ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాస్తే నా నిర్వాకం బయటపడుతుంది. కానీ మా పక్కింటి బావ మొన్న మంగళవారం పోయాడు. ఆయన కథ రెండు నోటు పుస్తకాల మేర ఇంకా తప్పులతోనే నా దగ్గరుంది. ఊరుకోబుద్ధి కావడం లేదు.

బావ కుర్రతనంలో మలయా రబ్బరు తోటల్లో పని చేశాడు. అక్కడొక ముసలి మలాయి ఆయన, రాజు మాట కోసం ప్రాణస్నేహితుణ్ణే చంపిన వీరుడి పాత కథ రాగం తీసి చదివేవాడట. బావకి మలాయి మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. అందుకని విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు, అయిదు పుస్తకాలు. ఆ వీరుడు ఓడెక్కి మన కళింగం వైపు కూడా వచ్చాడట. ఏ రేవులో దిగాడని అడిగితే, "మన రేవే అనుకో బావా, నీకేటి నష్టం?" అనేవాడు.

స్టీలు ప్లాంటుకి మా ఊరు పోయి అందరం కాలనీకి మారినప్పుడు చూస్తే, ఆ పుస్తకాలకి చెదలు. సాపు రాసిపెట్టమని నాకిచ్చాడు. బడికి వెళ్లకుండా చదువు నేర్చిన నాలాంటివాడికి ఇంకొకళ్ల తప్పులు దిద్దడం మహా సరదా. బావ చేపల్ని సేపలనే మనిషి. అదంతా ఆయన నాలుక చలవేననుకుని, కనబడిన ప్రతి 'స'నీ 'చ' చేశాను. చెదలు నా పెట్టెకి పాకుతాయని పాతవి నీళ్లపొయ్యిలో పెట్టేశాను.

మొదటి పేజీ చదివి వినిపించాను. బావకి అప్పటికే చూపు లేదు. ఒకటే నవ్వు.

"సుక అంటే ఇష్టం బావా. చుక అంటే పులుపునీళ్లు. రాజుకి ఆ ఈరుడంటే ఇష్టవని నాను రాత్తే, నువ్వు రాజు నోట్లో పులుపునీళ్లు పోసీసినావు! నా తెలుగుకే చ పలకదు, మలాయికి పలుకుతాది. పాతవి తే, సూసి దిద్దుదువు గాని."

"కాల్సీసినాను బావా."

నవ్వు ఆగిపోయింది. కథలో అసలు 'చ'లూ నా 'చ'లూ కలిసిపోయాయి. ఏది ఏదో ఆయన చెవికి తప్ప తెలీదు.

"అయితే నానుండగానే సదువు," అన్నాడు.

రోజూ పొద్దున్నే వెళ్లేవాణ్ణి. ఆయన దగ్గితే గబగబా పేజీ తిప్పేవాణ్ణి. పరుగెత్తించి చదివితే, "తొందర నాకుండాల గానీ నీకేటి బావా?" అని వెక్కిరించేవాడు. మూడో పుస్తకం చివరికి వచ్చాం. స్నేహితులిద్దరూ ఇంకా కత్తులు దూయలేదు.

నిన్న మిగిలిన పుస్తకాలు పట్టుకుని వెళితే, పోర్టు గేటు ముందు టీ కొట్లో ఒక మలాయి నావికుడు కనబడ్డాడు. నాలుగో పుస్తకం తీసి చదివాను. తప్పు వచ్చినచోట ఆపి, మాట సరిగా పలికాడు. రెండు 'చ'లు దిద్దాను. మూడోది చదివేలోగా ఓడకి టైమైందని లేచి వెళ్లిపోయాడు.