బలపం గీత లేని పలకలు

మొన్న మార్కాపురంలో డాక్టరుగారు మా పద్నాలుగేళ్ల మనవరాలి కోసం ఒకే ప్రశ్నలున్న రెండు కాగితాలిచ్చి, ఒకటి తల్లిని, ఒకటి ఆ పిల్లనే నింపమన్నారు. పరధ్యానంలో పడుతుందా, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా అన్నవాటన్నిటికీ మా అమ్మాయి ‘తరచుగా’ అని రాస్తే, మనవరాలు ‘అస్సలు లేదు’ అని రాసింది. “ఏందే ఇది, ఇంత అబద్ధమా!” అని మా అమ్మాయి అక్కడే చెయ్యెత్తింది. పిల్ల వెక్కుతూ, “నిజమే రాసినా అమ్మమ్మా” అనేసరికి దాన్ని నా వెనక్కి లాక్కున్నాను, ఎందుకంటే దాని ఈడులో నేనూ ఆ మాటే అన్నాను.

అప్పట్లో మా ఊరంతా పలకల కార్ఖానాలే. మీలో చాలామంది ఆ పలకల మీదే అక్షరాలు దిద్ది ఉంటారు. చట్రం బిగించే ముందు ప్రతి పలకనూ వేలితో తట్టి వినాలి, ఖంగుమంటే మంచిది, మోత రాకపోతే లోపల పగులున్నట్టు. ఆ పనిలో నేనూ మా పెద్దమ్మా పక్కపక్కనే కూర్చునేవాళ్లం. పగిలినవన్నీ నా కట్టల్లోనే తేలుతున్నాయని మేస్త్రి నన్ను పని మాన్పిస్తానంటే, అన్నీ తట్టానని అమ్మ మీద ఒట్టేశాను. నేను వీధిలోకి చూస్తూ కొన్నిటిని ఊరికే పక్కన పెడుతున్నానని పెద్దమ్మ అనగానే, అబద్ధాలకోరువంటూ అందరి ముందూ ఆమెను కడిగేశాను. మహా నోరు నాది!

ఆమె మాత్రం మేస్త్రిని ఒక్కరోజు గడువడిగి, “తట్టిన పలకకల్లా అంచున బలపంతో గీత పెట్టమ్మా, నేనేం మాట్లాడను” అంది. సాయంత్రం కట్ట విప్పితే ఇరవైలో ఏడింటికి గీత లేదు. తట్టి చూస్తే వాటిలో రెండు పగిలినవే. అన్నీ తట్టినట్టే నా వేళ్లకు ఇంకా గుర్తుంది! అబ్బ, ఎంత వింత! అబద్ధమాడని మనిషికి తన చేతులు చేసిన పనే తెలియకపోవడమేమిటో, ఆ ఆశ్చర్యం నాకు ఈ అరవై ఎనిమిదేళ్ల వయసుకీ తీరలేదు. ఆ రోజు నుంచి గీతలు పెడుతూ పని నిలబెట్టుకున్నాను.

ఇదంతా చెప్పేసరికి మా అమ్మాయి పిల్లను దగ్గరికి తీసుకుంది. డాక్టరుగారు కూడా, ఇలాంటి పిల్లలు చాలామంది తమ సంగతి తక్కువ చేసి రాస్తారు, అది అబద్ధం కాదు, అందుకే రెండు కాగితాలిస్తామన్నారు.

ఇప్పుడు ఆ కార్ఖానాలు చాలావరకు మూతపడ్డాయి, దినమంతా పక్కన కూర్చుని మనల్ని చూసిపెట్టే మనుషులూ కరువయ్యారు, ఆ పని కాగితాలు చేస్తున్నాయి. చెయ్యనీ, మంచిదే. కాగితాన్ని ఎంత తిట్టినా దానికి నొప్పి లేదు. మా పెద్దమ్మకు నొప్పి కలిగే ఉంటుంది, ఆమె పోయేదాకా నేను ఒక్కసారైనా తప్పయిందని అనలేదు.