మావారి వీపు మీద మొటిమలు

ఆ ఆదివారం పొద్దున్న మావారు గుడివాడ జిమ్ నుంచి వచ్చి, స్నానానికి వెళ్తూ నన్ను కేకేశారు.

"విజయా, ఈ బనియన్ కాస్త తీసిపెట్టు. రావడం లేదు."

వెళ్ళి చూస్తే తెల్ల బనియన్ వీపుకి అతుక్కుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళు చల్లి మెల్లగా లాగాను. బనియన్‌తో పాటు పైచర్మం కూడా కొంత ఊడి వచ్చింది. భుజాల నుంచి నడుము దాకా రేగుపళ్ళంత గడ్డలు. కొన్ని చితికి చీమూ రక్తమూ కారుతున్నాయి. మొటిమలంటే మొహం మీద వచ్చేవే అనుకునేదాన్ని. మనిషి వీపు ఇలా అవుతుందని నాకు తెలియదు.

ఆయన వీపు నేను చూసి మూడు నెలలయిందని అప్పుడే గుర్తొచ్చింది. చొక్కా తీయకుండానే పడుకుంటున్నారు. చలికాలం కదా అనుకున్నాను.

మాది పామర్రు. ఆయనకి ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు ఉంది. నేను కాన్వెంటు స్కూల్లో టీచర్ని. నేను చెప్పేది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో జరిగింది. మాకు పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. ఆయనకి బాడీ బిల్డింగ్ అంటే ప్రాణం. తెల్లారకముందే స్కూటర్ మీద గుడివాడ వెళ్ళి వచ్చి షాపు తెరిచేవారు. జిల్లా పోటీల్లో రెండుసార్లు మూడో స్థానం వచ్చింది. ఈసారి మొదటిది కొట్టాలని పట్టుదల. ఆ ఏడాది ఒళ్ళు పెరిగిన తీరు చూసి బజారులో జనం ఆగి మాట్లాడించేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

మా అత్తయ్య వీపు చూసి, "వేడి చేసిందిరా" అన్నారు. వేపాకు ముద్ద పట్టించి, పీచుతో రుద్ది స్నానం చేయించారు. మర్నాటికి గడ్డలు ఇంకా ఎర్రబడ్డాయి. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. నాలుగు రోజులు అణిగినట్టే అణిగి, మానేయగానే రెట్టింపయ్యాయి. ఇక అత్తయ్య ఇద్దర్నీ మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి తీసుకెళ్ళారు.

"పిల్లలు కలగకపోవడం, వీడి ఒంటి మీద ఇలా లేవడం, రెండిటికీ కారణం ఒకటేనమ్మా. సర్పదోషం," అన్నారు బస్సులో.

పిల్లల సంగతి ఎందుకొచ్చిందంటే, అప్పటికి ఏడెనిమిది నెలలుగా నాకు పరీక్షలు జరుగుతున్నాయి. మూడు స్కానింగులు, రక్త పరీక్షలు, గర్భసంచి ట్యూబుల్లో అడ్డం ఉందేమోనని ఎక్స్‌రే తీసే హెచ్‌ఎస్‌జీ కూడా చేశారు. అన్నీ నార్మలే. ఆయనకి ఒక్క పరీక్షా చేయించలేదు. ఆ మాట ఎత్తితే, "వాడికేంటే, ఆ కండలు చూడు" అనేవారు చుట్టాలు. నేనూ అలాగే అనుకున్నాను.

మోపిదేవి నుంచి వచ్చిన వారానికి ఆయనకి జ్వరం వచ్చింది. మోకాళ్ళు, భుజాల కీళ్ళు పట్టేసి మంచం మీద నుంచి లేవలేకపోయారు. బందరులో ఒక స్కిన్ డాక్టరమ్మ గారు ఉన్నారంటే కారు మాట్లాడుకుని వెళ్ళాం. ఆవిడ వీపు, ఛాతీ, భుజాలు చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఏం ఇంజక్షన్లు చేయించుకుంటున్నావు బాబూ?"

"ఏమీ లేదండీ. గుడ్లు, ప్రోటీన్ పౌడరు. అంతే."

ఆవిడ రెట్టించలేదు. జ్వరానికి, నొప్పులకి మందులిచ్చి, లివర్ ఫంక్షన్, లిపిడ్స్, హార్మోన్ల పరీక్షలు రాశారు. వారం తర్వాత రిపోర్టులు చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"నువ్వు అబద్ధం చెప్పొచ్చు. నీ రక్తం చెప్పదు. ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన నా వైపు చూడకుండా, "పదకొండు నెలలండీ," అన్నారు. వారానికొక ఇంజక్షన్. జిమ్ మాస్టారే ఇచ్చేవారట. మధ్యలో మాత్రలు కూడా.

నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమని డాక్టరు గారిని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. "అవి స్టెరాయిడ్స్ అమ్మా. మగవాళ్ళ హార్మోను బయట నుంచి ఎక్కిస్తున్నారు. దాంతో చర్మంలో నూనె గ్రంథులు రెచ్చిపోయి యాక్నే, అదే ఈ మొటిమలు, ఇలా లేస్తాయి. బయట నుంచి వస్తుంటే, లోపల శరీరం సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తుంది." రిపోర్టు మళ్ళీ చూసి, "పిల్లలున్నారా?" అన్నారు.

"లేరండీ. నాకు అన్ని పరీక్షలూ అయ్యాయి."

"ఇతనికి సెమెన్ ఎనాలిసిస్ చేయించారా?"

రెండు రోజుల తర్వాత ఆ రిపోర్టు వచ్చింది. కౌంట్ అన్న చోట 'నిల్' అని ఉంది. వీర్యకణం ఒక్కటి కూడా లేదు. ఆ కాగితం పట్టుకుని బందరు బస్టాండులో బెంచీ మీద కూర్చుండిపోయాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. హెచ్‌ఎస్‌జీ చేసిన రోజు నొప్పికి నేను లోపల పళ్ళు బిగబట్టుకుంటుంటే, ఈయన బయట నా హ్యాండ్‌బ్యాగు పట్టుకుని కూర్చున్నారు. ఆ వారం కూడా ఇంజక్షన్ చేయించుకునే ఉంటారు.

"తెలిసే చేశారా?" అని పక్కనున్న ఆయన్ని అడిగాను.

"పిల్లల సంగతి తెలియదు, విజయా. నీకు చెప్పకూడదని మాత్రం తెలుసు," అన్నారు.

ఆ రాత్రి నుంచి పది రోజులు ఆయనతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. వీపుకి మందు మాత్రం నేనే రాశాను. ఆయన చెయ్యి అక్కడికి అందదు.

ఇంజక్షన్లు పూర్తిగా మానేయాలన్నారు డాక్టరు గారు. మొదట కొన్ని వారాలు వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు, ఆ తర్వాత మొండి మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్, తక్కువ డోసుతో. అది భోజనం అయ్యాకే వేసుకోవాలి. నెలనెలా లివర్ పరీక్ష. అది గర్భిణులకు చాలా ప్రమాదమనీ, ఇంట్లో ఇంకెవరూ పొరపాటున కూడా వేసుకోకూడదనీ, వాడినన్నాళ్ళూ పిల్లల ప్రయత్నం వద్దనీ చెప్పారు. పీచు, సున్నిపిండి, వేపాకు అన్నీ బంద్. "రుద్దితే పోయేది మురికి, ఇది మురికి కాదు" అన్నారు. గిల్లకూడదు, చిదమకూడదు. వదులుగా ఉండే నూలు బట్టలే వేసుకోవాలి. చెమట పట్టాక వెంటనే స్నానం.

మొదటి నెలలో తగ్గకపోగా కొత్తవి లేచాయి. పెదాలు పగిలి, ముక్కులోంచి రక్తం వచ్చేది. అంతకంటే కష్టం, ఒళ్ళు తగ్గిపోవడం. మూడు నెలల్లో చొక్కాలు వదులయ్యాయి. షాపులో ఎవరైనా, "ఏం బావా, చిక్కిపోయావే" అంటే ఆ పూట అన్నం తినేవారు కాదు. గోడకేసి తిరిగి పడుకునేవారు. ఆ దిగులు కూడా జబ్బులో భాగమేనని డాక్టరు గారికి చెప్పాక తెలిసింది. ఆవిడ నెలకి రమ్మన్నవారు పదిహేను రోజులకే రమ్మన్నారు.

నాలుగో నెలలో వీపు ఎండుతోందని సంతోషించాం. అయిదో నెలలో మళ్ళీ పచ్చిపుండ్లయ్యాయి. మందు పనిచేయడం లేదనుకున్నాను. ఒకరోజు స్కూటర్ డిక్కీలో గుడ్డ కోసం వెతుకుతుంటే చేతికి ఒక ఖాళీ సీసా తగిలింది. చిన్నది, ఇంజక్షన్‌ది. జిల్లా పోటీలు దగ్గరపడ్డాయి. సీసా తీసి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. మొదటిసారి పిల్లల సంగతి ఆయనకి తెలియదు. ఈసారి అన్నీ తెలిశాక చేశారు.

డాక్టరు గారి బల్ల మీద ఆ సీసా పెట్టాను. ఆవిడ కోప్పడలేదు. "నేను వైద్యం చేయగలను బాబూ, కాపలా కాయలేను. కౌంట్ తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేదు. ఇలా చేస్తే అసలే ఇవ్వలేను," అన్నారు.

ఇంటికొచ్చాక నేను ఒకటే చెప్పాను. "ఇక నేను ఏ పరీక్షకీ వెళ్ళను. పిల్లలెందుకు లేరని ఎవరైనా అడిగితే మీరే చెప్పండి."

నెల తిరక్కుండానే గుడివాడలో ఆయన పెద్దమ్మ గారి కోడలికి సీమంతం జరిగింది. అక్షింతలు వేయడానికి నేను లేవబోతుంటే ఆయనకి అత్త వరసయ్యే ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తర్వాత వేద్దువుగానీలే అమ్మా, పిల్లలున్నవాళ్ళని వేయనీ," అంది. నేను కూర్చుండిపోయాను. వరండాలో మగవాళ్ళతో ఉన్న మావారు గుమ్మం దాకా వచ్చారు.

"అత్తయ్యా, లోపం తనలో లేదు. నాలో ఉంది. బాడీ కోసం ఇంజక్షన్లు చేయించుకుని పాడు చేసుకున్నాను. బందరులో వైద్యం చేయించుకుంటున్నాను. తనని వేయనివ్వండి."

అందరికంటే ముందు నేనే నమ్మలేకపోయాను. అద్దం ముందు గంటలకొద్దీ నిలబడే మనిషి, అరవైమంది ముందు ఆ మాట అన్నారు. నేను లేచి అక్షింతలు వేశాను.

మా అత్తయ్య దారి పొడవునా కొడుకుతో మాట్లాడలేదు. "నలుగురిలో ఆ మాట అనాలా" అని ఆవిడ బాధ. మర్నాడు మధ్యాహ్నం మాత్రం పెరుగు మీగడతో అన్నం కలిపి పెట్టి, తిన్నాక మాత్ర ఆవిడే చేతికిచ్చారు. రాత్రికి నా దగ్గరకొచ్చి, "నిన్ను చాలా మాటలన్నాను కదే," అని వెళ్ళిపోయారు.

ఆ ఏడు ఆయన పోటీలకి వెళ్ళలేదు. మళ్ళీ ఇంజక్షన్ ముట్టలేదు. ఆ జిమ్ మానేసి ఇంటి వెనక రెండు డంబెల్స్, ఒక బెంచీ పెట్టుకున్నారు. ఐసోట్రెటినాయిన్ మొత్తం పది నెలలు నడిచింది. ఇంకో ఏడాదికి కౌంట్ వచ్చింది, తక్కువే. అందరికీ ఇలా తిరిగి రాదని, మా అదృష్టమని డాక్టరు గారే అన్నారు. ఆ తర్వాతి ఏడాది మా పాప పుట్టింది.

ఆయన వీపు నున్నగా అవలేదు. గుంటలున్నాయి. భుజాల మీద రెండు చోట్ల మచ్చలు ఉబ్బి కెలాయిడ్స్ అయ్యాయి. ఎండాకాలం ఒకటీ రెండూ మొటిమలు లేస్తే బెంజాయిల్ పెరాక్సైడ్ రాస్తాను, అణుగుతాయి. బెంచీ మీద ఉతికిన తువ్వాలు వేసుకోకుండా కూర్చోరు. షాపుకొచ్చే కుర్రాళ్ళు కండల గురించి అడిగితే చొక్కా ఎత్తి వీపు చూపిస్తారు.

కండలు పెంచేవాళ్ళకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. వీపు నిండా మొటిమలతో డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు, ఒంట్లోకి వెళ్ళిన ప్రతిదీ చెప్పండి. పేరు తెలియకపోతే ఖాళీ సీసా పట్టుకెళ్ళండి. భార్య ముందు చెప్పలేకపోతే ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమనండి. అప్పుడు ఆవిడ ఏమీ అనుకోదు. ఏడాది తర్వాత తెలిస్తేనే అనుకుంటుంది.