అమ్మ వేసినట్టే జడ

డెబ్బైల చివర్లో నాన్నకు పోర్టులో షిఫ్టులు, అమ్మకు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. ఇంట్లో చూసేవారు లేక ఎనిమిదేళ్ల నన్ను విశాఖలోనే హాస్టల్లో చేర్చారు. మొదటి వారం ఎవరినీ తల ముట్టుకోనివ్వలేదు. జడ అమ్మే వెయ్యాలని మొండికేశాను.

నలభై మంది పిల్లలకు తల దువ్వే ఆయా నన్ను కోప్పడలేదు. పక్కన కూర్చుని, "మీ యమ్మ ఎలాగేత్తాదో సెప్పు. నాను అలాగే ఏత్తాను" అంది.

చెవుల వెనక నుంచి బిగించి, రిబ్బను రెండు మడతలు వెయ్యాలని చెప్పాను. సరిగ్గా అలాగే వేసింది. మర్నాడు మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది. ప్రతి పిల్లకూ వాళ్లమ్మ ఎలా వేస్తుందో ఆమెకు గుర్తే.

ఆదివారం అమ్మ వచ్చి నా జడ తడిమి చూసింది.

"ఎవరేసారే?"

ఆయాను చూపించాను. అమ్మ వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ సాయంత్రం అమ్మ బస్సెక్కుతుంటే ఏడవకుండా చెయ్యి ఊపగలిగాను.