ఏడుపు మధ్యలో ఊపిరి

శివరాత్రి దాటాక వచ్చిన రెండో గురువారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. చిన్న మంగళారంలో పసిపాపకు నీళ్లు పోస్తూ నేను పనిచేసే ఇంట్లో పాల సీసాలు కడుగుతున్నాను. వంటగది గట్టు మీద ఒక తెల్ల పెట్టె ఉంటుంది. పాప పడుకున్న గదిలోని చప్పుడు అందులో వినిపిస్తుంది. పై అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చునే పాప తల్లి దీప్తి చెవుల్లోకి కూడా అదే చప్పుడు పోతుంది. అయిదు నెలల సాన్వి మూలిగినా, కాళ్లు కొట్టుకున్నా మా ఇద్దరికీ తెలుస్తుంది. ఆ రోజు మాత్రం చేటలో ఇసుక పోసి మెల్లగా కదిపినట్టు ఒకటే సర్రుమనే చప్పుడు, ఇంకేమీ లేదు. పొద్దున నేను పోగానే దీప్తి నవ్వుతూ చెప్పింది. "కాస్త జలుబుగా ఉందండీ, ఇవాళ స్నానం వద్దులెండి అంజమ్మగారూ. అయినా ఎంత బుద్ధిమంతురాలో చూడండి, పొద్దుట్నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు." ఆ మాట అప్పుడు చెవిన పడి ఊరుకుంది. పెట్టెలో ఇసుక చప్పుడు వింటుంటే మళ్లీ లేచింది. వీపు మీద ఎవరో తడి చెయ్యి ఆనించినట్టయింది. ఏడ్చే పిల్లలతో నాకు పేచీ లేదు. ఏడవని ఇల్లంటేనే భయం. ఆ భయం నాకు పెట్టిపోయిన మనిషి సుగుణ సిస్టర్.

ఆమె మా పల్లె హిమాయత్‌నగర్‌కు సూదులు వేయడానికి వచ్చే నర్సు. పొట్టి మనిషి, తెల్లచీర, మగవాళ్ల గడియారం. చేవెళ్ల నుంచి బస్సులో వచ్చేది. ఇంటి ముందుకు వచ్చి తలుపు కొట్టేది కాదు. గుమ్మం దగ్గర నిలబడి, తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని వినేది. లోపల పిల్ల ఏడుపు వినిపిస్తే ముందుకు పోయేది, వినిపించకపోతే లోపలికి వచ్చేది. ఆమె లోపలికి వచ్చిన ఇళ్లలో కొందరు పిల్లలు బతకలేదు. జబ్బుపడ్డ పిల్లలున్న ఇళ్లకే పోయేది కాబట్టి అలా జరిగేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు ఊరంతా ఇంకోలా అనుకున్నది. ఆమె చెవి పెడితే ఆ ఇంట్లో పాడె లేస్తుందని మా అత్త ఎల్లమ్మే అందరికంటే ముందు అన్నది. అందుకని చెప్పుల చప్పుడు వినగానే తల్లులు పిల్లల తొడలు గిచ్చేవాళ్లు. ఆమె వస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏడుపులే. "చెవి సిస్టర్ వస్తున్నదే! గిచ్చుండ్రి, గిచ్చుండ్రి!" అని ఒకామె అరుగు మీద నుంచి కేకేసేది. సిస్టర్‌కు కోపం రాలేదు. ఒకరోజు మా వాకిట్లో నిలబడి నవ్వింది. "గిచ్చుండ్రి, కని జర మెల్లగ గిచ్చుండ్రి. పోరగాండ్ల తొడలన్ని కమిలినయ్. నాకైతే పని అల్కగైంది. గిచ్చితే ఏడ్చెటోళ్ల ఫికర్ నాకు లేదు."

నా మొదటి బిడ్డ లక్ష్మి. నాలుగు నెలలప్పుడు దానికి దగ్గు పట్టింది. మూడో రోజుకు రొమ్ము పట్టడం మానేసింది. డొక్కలు లోపలికి పోయి వస్తున్నాయి. రేపు గాజు కాల్చి వాత పెడదామన్నది మా అత్త. నాకప్పుడు ఇరవై ఏళ్లు, తెలివి తక్కువ, నోరు అసలే లేదు. ఆ పొద్దున చెప్పుల చప్పుడు మా గుమ్మం దగ్గర ఆగింది. అత్త నా వైపు చూసింది. నేను లక్ష్మి తొడ గిచ్చాను. అది కళ్లు తెరిచి నన్ను చూసింది, ఏడవలేదు. గట్టిగా గిచ్చాను. చూస్తూనే ఉన్నది. తలుపుకు ఆ పక్క ఆమె వింటున్నదని నాకు తెలుసు. చెక్క సందులో నీడ కదలడం లేదు. అప్పుడు నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పసిబిడ్డలా ఏడ్చాను. ఆపకుండా ఏడ్చాను. నా బిడ్డ నా నోటి వైపే చూస్తున్నది, ఆ ఏడుపు తనదేనా అన్నట్టు. చెప్పుల చప్పుడు ముందుకు పోయింది. అత్త తల ఊపింది.

ఎంతసేపటికో తలుపు దబదబా మోగింది.

"తలుపు తియ్యి అంజమ్మా. ఇందాక ఏడ్చింది నువ్వు."

అత్త అడ్డం నిలబడింది. "పిచ్చి లేసిందా సిస్టరమ్మా నీకు? బిడ్డే ఏడ్చింది. ఇప్పుడే పండుకున్నది."

"బస్సు కాడ ఎవ్వరి బిడ్డనో ఏడుస్తుంటె ఇన్న. మధ్య మధ్యల ఊపిరి గుంజుతున్నది. మీ ఇంట్ల ఇన్న ఏడ్పుల ఆ ఊపిరి లేదు. జరుగు అవ్వా."

లక్ష్మిని ఎత్తుకుని ఆమె ముందు, నేను వెనక. చేవెళ్ల దవాఖానకు బస్సులో పోతున్నాం. మంచి ఎండ. సిస్టర్ ఒక అరచెయ్యి బిడ్డ పొట్ట మీద పెట్టి, గడియారం చూస్తూ పైకి లెక్క పెడుతున్నది. నాకు లెక్కలు రావు, ఎందుకు లెక్కిస్తున్నదో కూడా తెలియదు. పెద్ద అంకెలు అంటున్నది కాబట్టి మంచిదే అనుకున్నాను. తర్వాత లెక్క నెమ్మదించింది. అంకెకూ అంకెకూ మధ్య కిటికీలోంచి చాలా చెట్లు పోయాయి. ముప్ఫై ఏడు అన్నది. ముప్ఫై ఎనిమిది అనలేదు. బస్సు పోతూనే ఉన్నది.

లక్ష్మి పోయి పదమూడో రోజు దాటాక ఆమె మళ్లీ మా గుమ్మం ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. "సూదులు ఏసేటప్పుడు పిల్లలను పట్టుకోనీకె ఒక మనిషి కావాలె. నువ్వు రా" అన్నది. అత్త వద్దన్నది. అత్త మాట నేను కాదన్నది అదే మొదలు. ఇరవై ఏళ్లు ఆమె సంచి మోశాను. అరచెయ్యి పొట్ట మీద పెట్టి, ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా ఊపిరులు లెక్కపెట్టడం నాకు అంకెలు రాయడం కంటే ముందే వచ్చింది. రెండు నెలలు దాటిన, ఏడాది లోపు పిల్లకు యాభై వస్తే సిస్టర్ తల్లిని ఇంకేమీ అడగకుండా దవాఖానకు లేవదీసేది. లెక్క మధ్యలో ఎవరు పిలిచినా పలకనిచ్చేది కాదు. పాలు వద్దన్న బిడ్డ, డొక్కలు ఎగరేసే బిడ్డ, గిచ్చితే చూసి ఊరుకునే బిడ్డ, వీళ్లను రేపటికి ఉంచొద్దనేది.

ఆమె కళ్లకు పొర వచ్చాక నాకు అక్షరాలు వచ్చాయి. "నాకు రిజిస్టర్ కనిపిస్తలేదు, నువ్వు రాయి" అన్నది. నాకు అప్పటికి ముప్ఫై ఏడేళ్లు. పలక మీద అ, ఆలు పెట్టలేదు. "గురువారం" అనే మాట రాయించింది, ఆ రోజు గురువారం కాబట్టి. ఆమె పద్ధతి ఒకటే. ముందు వారం, గంట. చివర ఆ ఇంట్లో ఆ పూట ఎవరెవరు ఉన్నారో పేర్లు. బిడ్డ పేరు అందరికంటే ముందు. "ఉన్నోళ్లను ఇడ్వొద్దు, లేనోళ్లను కలపొద్దు" అనేది. చదవడం వచ్చాక నేను ఒక పని దొంగతనంగా చేశాను. పాత రిజిస్టర్లు దులిపి మా ఇంటి పేజీ వెతికాను. తల్లి తానే ఏడ్చి మోసం చేసింది అని ఉంటుందనుకున్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. వచ్చిన గంట పదకొండున్నర, మళ్లీ వచ్చిన గంట పన్నెండు ముప్పావు. పాప లక్ష్మి, తల్లి అంజమ్మ, నాయనమ్మ ఎల్లమ్మ, నర్సు సుగుణ. కింద ఇంకో వరుస. "మొదటిసారి నేను గుర్తుపట్టలేదు."

నా గురించి ఒక్క ముక్క లేదు. పేజీ మూసి తలెత్తితే ఆమె గుమ్మంలో తల వంచి నిలబడి ఉన్నది. "నీ ఊపిరి మారింది. చదివినవ్ కదా" అన్నది. "సరే, సంచి పట్టు. పోదాం" అన్నది. దాని గురించి మేం మాట్లాడుకున్నది అంతే. ఆమె పోయి ఏళ్లయింది. ఇప్పటికీ మూసిన తలుపు ముందు నా తల దానంతటదే ఒక పక్కకు వంగుతుంది.

ఆ గురువారం కూడా సాన్వి గది ముందు అట్లాగే వంగింది. లోపలికి పోయాను. పాప కళ్లు తెరిచే ఉన్నాయి. తొడ గిచ్చాను. నన్ను చూసింది, అంతే. లక్ష్మి చూసిన చూపు. చొక్కా ఎత్తితే డొక్కలు లోపలికి పోతున్నాయి. అరచెయ్యి పెట్టి, గోడ గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టాను. ముప్ఫై ఏడు అన్నాను. ముప్ఫై ఎనిమిది అన్నాను. ఇంకా పోయాను. అరవై నాలుగు దగ్గర ముల్లు చుట్టు తిరిగింది, అప్పుడే దీప్తి మెట్ల మీద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఎందుకండీ అంత ఏడుస్తోంది? మీటింగ్ మధ్యలో లేచి వచ్చేశాను!"

"ఏడుస్తలేదు బిడ్డా. కారు తియ్యి. దవాఖానకు పోవాలె."

"ఇప్పుడే విన్నాను కదండీ! గుక్కపెట్టి ఏడ్చింది. నేను పైగది తలుపు తీసేదాకా ఆపలేదు."

నాకు అడగాలని లేదు. అడిగాను. "మధ్య మధ్యల ఊపిరి గుంజిందా?"

"ఆ... గుంజి గుంజి మరీ ఏడ్చిందండీ" అంటూనే పాప ముఖం చూసి ఆగిపోయింది.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, సాయంత్రం దాకా ఆగితే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడు. ఆరో రోజు సాన్వి ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడుస్తుంది. నేను హాయిగా సీసాలు కడుక్కుంటాను. దయ్యాల మాటలు నాకు సరిపడవు. చుట్టుపక్కల ఇళ్లన్నీ తిరిగి అడిగాను, ఎక్కడా పసిబిడ్డ లేదు. ఆ పెట్టె పాడైందేమోనని వాళ్లు మార్చారు. నేను నోరు తెరిచింది అంకెలకే, ఏడవలేదు. ఈసారి నేను ఏడవలేదు. రిజిస్టర్ రాసేవాళ్లు ఇప్పుడు లేరు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఉన్నవాళ్లను విడవకూడదు.

గురువారం, పదకొండు గంటల పది నిమిషాలు. పాప సాన్వి, అయిదు నెలలు. తల్లి దీప్తి. నీళ్లు పోసే అంజమ్మ. ఏడ్చిన పాప లక్ష్మి, నాలుగు నెలలు.