ఆరు గజాల తువ్వాలు

స్పెయిన్ వాళ్ళ దీవిలో నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు, రేపల్లెలో మా అత్తగారు ఒక్కటే ప్రశ్న అడిగారు.

"అక్కడ ఎండ ఉంటుందా బాబూ?"

"ఏడాది పొడుగునా ఉంటుందండి అత్తయ్యగారూ. దాని కోసమే దేశదేశాల వాళ్ళూ వస్తారట," అన్నాను.

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. కూతుర్ని పంపబోయే చోటు ఎలాంటిదో తల్లి ఆరా తీస్తోందనుకున్నాను. అది సాంకేతికమైన ప్రశ్న అని అప్పుడు నాకు తట్టలేదు.

ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. నేను బాపట్లలో వ్యవసాయం చదివాను. నాలుగేళ్ళలో నాకు బాగా వంటబట్టింది గరికను చంపడం. తవ్వి, ఎండగట్టి, మందు కొట్టి, చివరికి పరీక్షలో దాని మీద వ్యాసం రాసి మరీ చంపాం. దీవిలో నా పని ఒక పెద్ద హోటలు చుట్టూ పచ్చిక పెంచడం. చేరిన రోజున మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరగా చూస్తే, అది గరిక. దానికి నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, వారం వారం క్షవరం చేయించినందుకు నాకు జీతం. ఈ సంగతి తెనాలిలో మా నాన్నకు ఫోనులో చెప్పాను. "తోటల నిపుణుడని చెబుదాం లేరా," అన్నాడు.

సముద్రం నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో ఆదివారాలు సైకిళ్ళ మీద సూర్యలంక పోయేవాళ్ళం. సముద్రస్నానానికి మన వైపు ఒక పద్ధతుంది. ఒంటి మీద బట్టలన్నీ ఉంచుకుని, చేతులు పట్టుకుని, మోకాలి లోతుకు వెళ్ళి, అల రాగానే అరిచి, వెనక్కొచ్చి పులిహోర తినాలి. ఉన్నంతసేపూ ఎండను తిట్టాలి. దీవిలో ఇదంతా తలకిందులు. సముద్రం జోలికి పెద్దగా ఎవరూ పోరు. డబ్బు పెట్టి విమానమెక్కి వచ్చి, ఎండలో వాలిపోతారు. ఒక వైపు కాలాక రెండో వైపుకు తిరుగుతారు, అట్టు తిరగేసినట్టు.

నా చిక్కల్లా కాపురం. హోటలు వాళ్ళిచ్చిన గదిలో నాతోపాటు ఇద్దరు వంటవాళ్ళుండేవారు. అందులోకి భార్యను తీసుకురావడం కుదరదు. పెళ్ళయిన దగ్గర్నుంచి మేమిద్దరం కలిసి ఉన్నది నా సెలవుల్లోనే. ఎట్టకేలకు పక్కనున్న అపార్టుమెంట్లలో ఓ చిన్న ఫ్లాటు దొరికింది. అయితే అక్కడో ఆచారముంది. అద్దెకొచ్చిన కుటుంబాన్ని కొన్నాళ్ళు గమనించి, తర్వాత కాపురస్తులంతా మీటింగు పెట్టుకుని సరేనంటేనే ఉండనిస్తారు. కాదంటే నేను మళ్ళీ వంటవాళ్ళ దగ్గరికి, ఆవిడ మళ్ళీ తెనాలికి. ఆ కాపురస్తులు చాలామంది ఉద్యోగాలు ముగించి వచ్చిన ఇంగ్లీషువాళ్ళూ జర్మన్లూ. వాళ్ళ ప్రెసిడెంటు జర్మనీ రైల్వేలో రిటైరైన పెద్దమనిషి. తాళాలిస్తూ, "నిశ్శబ్దం, శుభ్రం, క్రమం," అన్నాడు. మూడూ మా ఇంట్లో ఉన్నాయని అబద్ధమాడాను.

కూతుర్ని కాపురానికి దిగబెట్టడానికి మా అత్తగారు కూడా వచ్చారు. ఆవిడ పెట్టెలో బట్టలు తక్కువ. సగ్గుబియ్యం, జీలకర్ర, గరిటె, వాటి మీద ఉతికి మడతపెట్టిన పాత తెల్ల నేత చీర. ఆవిడ తెల్లచీర కట్టే మనిషి కాదు. నేను అడగాల్సింది. అడగలేదు.

మొదటిరోజే ఆవిడ బాల్కనీలోంచి కింద ఈతకొలను వైపు చూశారు. దాని చుట్టూ పడక కుర్చీలు, వాటి మీద మనుషులు.

"ఏంటి బాబూ, వీళ్ళకి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి. ఎండ కాచుకుంటున్నారు."

"ఒళ్ళంతా నూనె రాసుకున్నారే?"

"అవునండి."

"మరి సున్నిపిండి?"

"ఉండదండి."

"తలంటు సగంలో వదిలేసి పడుకున్నారన్న మాట," అని నిట్టూర్చారు. మళ్ళీ కిందికి చూసి, "ఇంత ఎండ! ఏమీ ఎండబెట్టుకోరా వీళ్ళు?" అన్నారు.

"వాళ్ళనే ఎండబెట్టుకుంటారమ్మా," అంది నా భార్య.

మర్నాడు తెల్లారకుండానే ఆవిడ మళ్ళీ బాల్కనీలో ఉన్నారు. ప్రెసిడెంటుగారు రాత్రి దుస్తుల్లో కిందికొచ్చి, ఒక కుర్చీ మీద తువ్వాలు పరిచి, మళ్ళీ పడుకోడానికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఇంకొకరు, మరొకరు. ఏంటిదని అడిగారు. ముందు ఎవరు గుడ్డ వేస్తే ఆ రోజుకు ఆ కుర్చీ వాళ్ళదనీ, ఇక్కడ రాతకోతలు లేని చట్టం ఇదొక్కటేననీ వివరించాను.

ఆవిడ మొహం వెలిగింది. "ఇంతేనా! మన రేపల్లె బస్సే!"

తెనాలి బస్టాండులో రేపల్లె బస్సు ఇంకా ఆగకుండానే కిటికీల్లోంచి కండువాలు, జేబురుమాళ్ళు, ఒక్కోసారి చంటిపిల్లల టోపీలు లోపల పడతాయి. గుడ్డ పడ్డ సీటు ఆ గుడ్డది. గుడ్డ తాలూకు మనిషి తీరిగ్గా టీ తాగి వచ్చినా దాని మీద కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడకు దీవి అంత త్వరగా అర్థమైనందుకు నేను సంతోషించాను. నా సంతోషాలు ఎక్కువకాలం ఉండవు.

మీటింగు రోజు పొద్దున నేను గరికకు నీళ్ళు పెడుతుంటే నా భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, అమ్మ..."

"పడిపోయారా?"

"లేదండి. పరిచేసింది."

వెళ్ళి చూద్దును కదా, ఈతకొలను పక్కన ఎండ బాగా తగిలే వరుసంతా తెల్లచీర. ఆరు గజాల గుడ్డ ఎన్ని కుర్చీల మీదికి వస్తుందో అన్నిటి మీదా ఉంది. చీర నిండా సగ్గుబియ్యం వడియాలు, ముగ్గు పెట్టినంత శ్రద్ధగా. చివరి కుర్చీ మీదికి మాత్రం చీర చాల్లేదు. దాని మీద చల్ల మిరపకాయలు నేరుగా ఆరబోశారు. ఆ మిరపకాయలు నావే. అలంకారపు మొక్కలని మేనేజరుకు చెప్పి హోటలు తోటలో ఓ మూల వేసిన గుంటూరు రకం. నా చదువుకు దక్కిన ఏకైక పంట.

"కింద సందులున్నాయి బాబూ, అడుగునుంచి కూడా గాలి తగుల్తోంది. మన నవారు మంచం దీని ముందు ఎందుకూ పనికిరాదు," అన్నారు అత్తగారు, గొడుగు కింద కూర్చుని.

ప్రెసిడెంటుగారు ఎదురుగా నిలబడి ఉన్నాడు, భుజాన మడత విప్పని తువ్వాలుతో. అన్నేళ్ళలో ఆయన తువ్వాలు ఖాళీగా ఉండడం అదే మొదటిసారట. మొహంలో కోపం లేదు. తన రైలును ఎవరో వేళకు ముందే తోలుకుపోయినట్టు ఆశ్చర్యం ఉంది. ఇంతలో సముద్రపు పక్షి ఒకటి వడియాల మీద వాలింది. అత్తగారు లేవకుండానే పక్కనున్న కర్ర ఆయన చేతికందించారు.

"అన్నయ్యగారూ, ఖాళీగానే ఉన్నారుగా, కాస్త ఆ తెల్లకాకిని చూద్దురూ."

తెలుగు ఆయనకు రాదు. కర్ర ఎవరికైనా అర్థమవుతుంది. ఆయన పక్షిని తోలాడు. అది మళ్ళీ వచ్చింది. ఆయన మళ్ళీ తోలాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడని నా భార్య చెప్పింది.

సాయంత్రం మీటింగు అదే ఈతకొలను పక్కన. నా భార్య పొద్దున్నించీ అన్నం ముట్టలేదు. అప్పటికే సగం పెట్టె సర్దేసింది. నేను క్షమాపణ ఒకటి తయారు చేసుకుని, దానికి ముక్తాయింపు కూడా కట్టుకున్నాను.

మూడో అంతస్తు ఇంగ్లీషావిడ ముందుగా లేచింది. "ఇది ఈతకొలను, వంటిల్లు కాదు. వీళ్ళకు ఫ్లాటు ఇవ్వకూడదు!"

"గుడ్డ ముందు ఎవరు వేశారన్నదే ప్రశ్న," అన్నాడు ప్రెసిడెంటు. "ఆవిడ వేశారు. నేను లేచేసరికే ఉంది."

"అది తువ్వాలు కాదు!"

"తువ్వాలు ఇంత పొడుగే ఉండాలని మనం ఎప్పుడైనా అనుకున్నామా?"

అందరూ తమ తమ ఒళ్ళోని తువ్వాళ్ళ వైపు చూసుకున్నారు. ఇవాళ ఈ గుడ్డ చెల్లదంటే రేపు ఏ గుడ్డ చెల్లుతుందని ఎవరి భయం వాళ్ళది.

"ఏంటి బాబూ గొడవ?" అన్నారు అత్తగారు.

"చీర తువ్వాలా కాదా అని వాదించుకుంటున్నారండి."

"ఆరు గజాలు. అనుమానముంటే కొలుచుకోమను."

నేను తర్జుమా చెయ్యలేదు. చివరికి చేతులెత్తి తీర్మానించారు. ఇకమీదట కాపురస్తులకు ఒక్కొక్కరికి ఒక గుడ్డ, గుడ్డకు ఒక్కటే కుర్చీ. అయితే మాకు ఎన్ని కుర్చీలు? కాపురస్తులం కాకపోతే ఈ నియమం మాకు తగలదు, ఖాళీ చేసేదాకా చీర యథాప్రకారం పరుచుకోవచ్చు. ఇంగ్లీషావిడే ముందుగా ఈ ప్రమాదం గ్రహించింది. "అయితే వీళ్ళను కాపురస్తుల్లో కలిపెయ్యండి, వెంటనే!" అని అరిచింది. చేతులన్నీ లేచాయి. మమ్మల్ని అదుపులో పెట్టడానికి ముందు మమ్మల్ని చేర్చుకోవలసి వచ్చింది.

"ఫ్లాటు మనదే," అన్నాను నా భార్యతో. ఆవిడ ఏడ్చింది. నా క్షమాపణ ఇప్పటికీ వాడకుండా అలాగే ఉంది.

"ముగ్గురికీ మూడా? చాల్లే," అన్నారు అత్తగారు, నేను తీర్మానం వివరించాక. అప్పటికే ఎండిన వడియాలు ఒలిచేసి ఉన్న చీరను అందరి ఎదుటా చర్రున మూడు ముక్కలు చేశారు. ఆ చప్పుడుకు ఇంగ్లీషావిడ కుర్చీలోంచి సగం లేచింది.

ఆవిడ రేపల్లె తిరిగి వెళ్ళాక కూడా ఆ వరుసలో చివరి కుర్చీ మీద ఎవరూ తువ్వాలు వేసేవారు కాదు. గౌరవం అని నా భార్య అంటుంది. మిరపకాయలు ఆరిన మర్నాడు ఒకాయన చొక్కా లేకుండా దాని మీద వాలడం నేను చూశాను. కోరుకున్న ఎరుపు ఆయనకు ఆ పూటే వచ్చింది.

వెళ్ళేటప్పుడు ప్రెసిడెంటుగారు ఆవిడకు నీలి చారల పెద్ద తువ్వాలు బహుమతిగా ఇచ్చాడు. మేము సెలవుకు వచ్చినప్పుడు తెనాలి బస్టాండులో దాన్ని మళ్ళీ చూశాను. రేపల్లె బస్సు మలుపు తిరగ్గానే అత్తగారు కిటికీలోంచి విసిరారు. ముగ్గురు కూర్చునే సీటంతా కప్పేసి, ఇంకా కిందికి వేలాడింది.

"ఏంటండీ పిన్నిగారూ, సీటు పడుతున్నారా, పక్క పరుస్తున్నారా?" అన్నాడు వెనకనుంచి ఎవరో. "గుడ్డకి ఒక్క సీటేనండి!"

అత్తగారు వెనక్కి తిరిగి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశారు.

"ఈ మాట ఇంగ్లీషువాళ్ళు కూడా అన్నారు నాయనా," అని చెప్పి బస్సెక్కారు.