కంచె అవతలి కేక

పక్కింటి మామ్మగారు పోయారు. ఆ రోజు పొద్దున ఏడు దాటినా కంచె అవతల నుంచి కేక వినపడకపోతే, హమ్మయ్య, ఇవాళ పాప ఇంకాసేపు పడుకుంటుంది అనుకున్నాను. కాసేపటికి ఆవిడ కూతురు వచ్చి తలుపు కొట్టి సంగతి చెప్పింది. నిద్రలోనే వెళ్ళిపోయారట. అంత అరిచే మనిషి చడీచప్పుడు లేకుండా పోవడమేంటని నాకు ముందు కోపమే వచ్చింది.

తొంభై ఎప్పుడో దాటేశారు. మోకాళ్ళు పోయాయి, చూపు సగం పోయింది, గొంతు మాత్రం పోలేదు. రోజూ పొద్దున్నే వాకర్ పట్టుకుని పెరట్లోకి వచ్చి "కూ... ఈ!" అనేవారు. 'కూ' సన్నగా మొదలై చాలాసేపు సాగేది. 'ఈ' దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా పైకి లేచేది. అమెరికాలో మేముండే ఊరు ఐసెలిన్, మా వీధిలో ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. నలుగురూ ఏమనుకుంటారో అని నేను ముడుచుకుపోయేదాన్ని. తిరిగి నేనూ "కూఈ" అనేదాకా ఆవిడ ఆపరు. నేను అనను. కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని.

"చేతులు నాకు కనపడవు లవ్, గొంతు పంపించు!" అనేవారు. ఆవిడ ఇంగ్లీషు మాటలు నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. నన్నెప్పుడూ లవ్ అనే పిలిచేవారు. మా అత్తయ్యకి కేక కన్నా ఆ పిలుపు మీదే ఎక్కువ మంట.

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మా ఆయన ఓక్ ట్రీ రోడ్డులో ఒక హోటల్లో వంట మాస్టర్. ఇంగ్లీషంటే భయం సరే, నాకు తెలుగులో కూడా గొంతు పెగలదు. కొట్లో కరివేపాకు అడిగితే మన తెలుగాయనే "ఏంటమ్మా? ఏంటి?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. పాపకీ నా పోలికే వచ్చింది. స్కూల్లో నోరే విప్పట్లేదు, ఏదో టెస్ట్ చేయించమని టీచర్ చెప్పింది. దిగులుతో ఆ మాట కంచె దగ్గర వచ్చీరాని ఇంగ్లీషులో మామ్మగారితో అన్నాను. ఇక నాకు శాంతి లేకుండా పోయింది.

"పిల్లకేం లేదు. నువ్వు పలకవు, అదెవర్ని చూసి నేర్చుకుంటుంది?" రోజూ ఇదే పాట.

ఆ కేక కథ ఎన్నిసార్లు విన్నానో. మామ్మగారు పుట్టింది ఆస్ట్రేలియాలో, పాడి ఆవులున్న ఇంట్లో. అది అప్పటికింకా కొత్త దేశమట. ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ పిల్లలూ, మనవలూ ఎక్కువ. ఇంగ్లండ్ మొహం చూడని వాళ్ళమ్మ కూడా దాన్నే "మన ఊరు" అనేదట. అక్కడి దొరసానుల్లా మెల్లగా మాట్లాడమని కూతుర్ని గిల్లేదట. ఈ కేకేమో వీళ్ళందరికన్నా ముందు నుంచీ ఆ నేల మీద ఉన్నవాళ్ళది. అడవిలో ఒకరినొకరు పిలుచుకునేవారట.

"నేల తీసుకున్నాం, కేకా తీసుకున్నాం. దేనికీ అడగలేదు." ఈ ఒక్క మాట దగ్గర మాత్రం మామ్మగారు గొంతు తగ్గించేవారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి అన్నలూ, పాలేళ్ళూ వెళ్ళిపోయారు. పాలు పితకడం, లారీ తోలడం ఆడవాళ్ళ మీద పడ్డాయి. పొలం ఈ చివర నుంచి ఆ చివరకి కేకే. గిల్లిన తల్లే గేటెక్కి అందరికన్నా గట్టిగా అరిచేదట. యుద్ధం అయిపోయి పెద్దన్న తిరిగొచ్చాడు. భోజనాల దగ్గర, "అమ్మా, దీని గొంతేంటి ఇలా తయారైంది?" అన్నాడు.

"అమ్మ మళ్ళీ గిల్లింది లవ్, అదే చోట!" అని మోచెయ్యి చూపించేవారు. "ఒళ్ళు మండి అమెరికా సిపాయిని చేసుకుని వచ్చేశాను. ఫిరంగుల మోతకి ఆయనకి ఒక చెవి పోయింది. మా కాపురం హాయిగా సాగింది."

ఒక ఆదివారం మధ్యాహ్నం పాపని అప్పుడే పడుకోబెట్టాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. అవతల "కూఈ", మళ్ళీ "కూఈ". గరిటెతోనే పెరట్లోకి పరుగెత్తి, "ఏంటండీ మీ గోల! పిల్ల లేస్తుంది! ఒక్క పూట ఊరుకోలేరా?" అని తెలుగులోనే అరిచాను. వీధి చివర కుక్క మొరిగింది. మామ్మగారు వాకర్ వదిలేసి చప్పట్లు కొట్టారు.

"అదీ! ఉందిగా గొంతు!"

వెనక్కి తిరిగితే గుమ్మంలో పాప. కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూసింది. తర్వాత కంచె వైపు తిరిగి, తనూ "కూ... ఈ" అంది. ఆ చలికాలం గడిచేసరికి టీచర్ నాతో, టెస్ట్ అక్కర్లేదు, కాస్త మెల్లగా మాట్లాడమనండి చాలు, అంది.

నిన్న సాయంత్రం పాప కంచె దగ్గర నిలబడి పిలుస్తోంది. మామ్మ ఇక లేదని చెప్పాను. చెప్పినా పిలుస్తోంది.

"దీపాలు పెట్టే వేళ పోయిన మనిషిని పిలవడమేంటి? ఆడపిల్లకి ఆ కేకలేంటి? లోపలికి పిలువమ్మాయ్" అన్నారు అత్తయ్య.

పిలవడానికే వెళ్ళాను. "అమ్మా, గ్రాండ్‌మా ఆన్సర్ చెయ్యట్లేదు" అని పాప మళ్ళీ కంచెకి చెవి ఆనించింది. మామ్మగారి మీద నాకు మళ్ళీ విసుగొచ్చింది. పసిదానికి ఇంతా నేర్పి, ఇప్పుడు పలకకపోతే ఎలా?

మెట్ల మీద నిలబడి, ఊపిరి నిండా పీల్చుకుని, "కూ... ఈ!" అన్నాను.

వెనకాల అత్తయ్య "హవ్వ" అన్నారు. పాప గిరుక్కున తిరిగి నా వైపు చూసింది. కంచె అవతల, కూతురు బయట పెట్టేసిన వాకర్ ఇంకా గడ్డిలోనే ఉంది, పిడులు మా ఇంటి వైపుకి తిరిగి.